అరలో పదకొండు సీసాలు

హన్మకొండలో హంటర్ రోడ్డు మీద ఒక పెట్రోలు బంకులో, రాత్రి పది గంటల వేళ, తెల్లటి ఎల్ఈడీ దీపాల కింద మా నల్ల కారు బానెట్ మీదికి వంగి చూసిన రోజు నాకు బాగా గుర్తుంది. పగలు దూరం నుంచి నిగనిగలాడే ఆ రంగు మీద, దీపం నీడ పడిన చోట, సాలెగూడు అల్లినట్టుగా వేల సన్నని గీతలు గుండ్రంగా తిరిగి ఉన్నాయి. నేను పక్కకు జరిగితే ఆ గూడు కూడా నాతో పాటే జరిగింది. పెట్రోలు పోస్తున్న పిల్లవాడు నా అవస్థ గమనించి, "బట్టతోని తుడిస్తె పోతది సార్" అంటూ భుజం మీది గుడ్డను తీసి ఇవ్వబోయాడు. ఆ గీతలు వచ్చిందే అటువంటి గుడ్డల వల్ల అన్న సంగతి అప్పటికి అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

కారు కరీంనగర్‌లో ఉండే ఒక స్నేహితుడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కరీంనగర్ నుంచి హన్మకొండకు వచ్చే దారిలో గ్రానైట్ బండలు మోసే లారీ వెనుక చిక్కుకున్న వారెవరికైనా ఆ దుమ్ము గురించి వేరే చెప్పనక్కర లేదు. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలతలో పదికి 7, అంటే వంటింటి చాకు ఉక్కు కంటే గట్టిది. ఆ పొడి కారు మీద కూర్చుంటే నష్టమేమీ లేదు గానీ, దాన్ని పొడి గుడ్డతో రుద్దిన ప్రతిసారీ రంగు మీద గరుకు కాగితంతో గీసినట్టే అవుతుంది. నేనూ తక్కువ చేయలేదు. కొన్న కొత్తలో భద్రకాళి గుడి దగ్గర వాహన పూజ చేయించినప్పుడు బానెట్ మీద పసుపు కుంకుమలతో వేసిన స్వస్తికను, అది ఎండిపోయిన మూడో రోజున, అరచేత్తో గట్టిగా రుద్ది దులిపాను. టార్చి లైటు ఏటవాలుగా పెట్టి చూస్తే ఆ స్వస్తిక ఆకారంలోనే గీతలు కనిపించేవి.

వీటిని తీయించడానికి ముందుగా ఒక షెడ్డుకు వెళ్లాను. "రబ్బింగ్ కొడితె అద్దం లెక్క అయితది సార్" అన్నారు, రూ. 1,800 తీసుకున్నారు, నిజంగానే అద్దం లాగా చేసి ఇచ్చారు. ఇంటికి వచ్చి రెండుసార్లు కడిగేసరికి పాత గీతలు సగానికి సగం తిరిగి కనిపించాయి. వాటికి తోడు ఎండలో చూస్తే చీపురుతో ఊడ్చినట్టుగా పొడుగాటి మసక చారలు కొత్తగా తేలాయి. ఈ చారలను హోలోగ్రామ్‌లు అంటారని, ఉన్ని ప్యాడ్ బిగించిన రోటరీ (గిర్రున తిరిగే) మిషన్‌తో రంగు మీద రుద్దే గరుకు మందు వాడి, ఆ తరువాత మెత్తని మందుతో రెండో విడత చేయకుండా వదిలేస్తే ఇవి మిగులుతాయని తరువాత తెలుసుకున్నాను. గీతలు మాయమై మళ్లీ రావడానికి కారణం వేరే. మందులోని నూనెలు, మైనం గీతల సందుల్లో నిండి కొన్నాళ్లు వాటిని కప్పి ఉంచాయి, షాంపూ నీళ్లకు అవి కొట్టుకుపోయాయి. ఇక మనమే నేర్చుకుందామని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

నేర్చుకోవడం అంటే నాకు సీసాలు కొనడం అని అర్థమైంది. నాలుగు నెలల్లో రుద్దే మందుల సీసాలు పదకొండు కొన్నాను. గరుకు కాంపౌండ్లు మూడు, మధ్య రకం రెండు, మెత్తనివి రెండు, గీతలను నింపి కప్పే గ్లేజ్ ఒకటి, మైనాలు రెండు, దేనికి పనికి వస్తుందో ఇప్పటికీ అంతుపట్టనిది ఒకటి. మా ఆవిడ వంటింటి మసాలా డబ్బాల అర కంటే నా అర నిండుగా ఉన్నదని వచ్చిన చుట్టాలకు చూపించేది. ఆ పదకొండింటిలో చివరికి వాడినవి రెండు. ఖర్చు పెట్టవలసిన చోటు సీసా కాదని, ప్యాడ్లు, తుడుపు గుడ్డలు, ప్రయోగానికి ఒక పాత రేకు అని గ్రహించేసరికి చాలా డబ్బు పోయింది. ఈ పని కొత్తగా మొదలుపెట్టేవారికి ఆ డబ్బు మిగిలితే చాలు.

మొదట కారు రంగు గురించి కొంత చెప్పుకోవాలి. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. ఈ పొరలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటే, అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు కనుక, మన కారు మెరుపంతా వెంట్రుకలో సగం మందం మీద నిలబడి ఉందన్న మాట. గుండ్రటి గీతలు ఉండేది ఈ పొర పైభాగంలోనే. గీతను తీయడం అంటే గీతను పూడ్చడం కాదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీసి సమతలం చేయడం. వేయి స్తంభాల గుడి ముందున్న నల్లరాతి నందిని దగ్గర నుంచి చూసినవారికి ఈ సూత్రం వెంటనే అర్థమవుతుంది. ఆ నున్నదనం పూసినది కాదు, నూరి తీసినది. అయితే శిల్పికి అరగదీయడానికి కావలసినంత రాయి ఉండేది, మనకు ఉన్నది వెంట్రుకలో సగం. అందువల్ల గోరుతో అడ్డంగా గీసినప్పుడు గోరు తట్టుకునే గీతను పూర్తిగా తీయాలని పట్టు పట్టకూడదు. దాని అంచులను కాస్త నున్నగా చేసి, కంటికి తక్కువగా కనిపించేలా చేసి వదిలేయాలి.

మందం కొలిచే గేజ్ ఒకటి దొరుకుతుంది. అది మొత్తం పొరల మందాన్ని చూపుతుందే గానీ క్లియర్ కోట్ ఒక్కదాన్ని విడిగా చూపదు, మామూలు గేజ్ ప్లాస్టిక్ బంపర్ మీద పనే చేయదు. అయినా నేను ఒకటి కొన్నందుకు చింతించలేదు. నా కారు తలుపులన్నీ 110 నుంచి 120 మధ్య చూపగా ఎడమ వెనుక తలుపు మాత్రం 310 చూపింది. ఆ తలుపు ఎప్పుడో దెబ్బ తిని మళ్లీ రంగు వేయించుకున్నదని నా స్నేహితుడు నాకు చెప్పలేదు. అడగలేదు కనుక చెప్పలేదు అనుకుని ఊరుకున్నాను.

ఇక సీసాల సంగతి. ఏ కంపెనీ సీసా అయినా లోపల ఉండేది ప్రధానంగా అల్యూమినియం ఆక్సైడ్ వంటి రాపిడి పొడి, అది జారడానికి కొంత నూనె, నీరు. పొడి రేణువులు పెద్దవైతే కాంపౌండ్, చిన్నవైతే పాలిష్ అంటారు. కొత్తవాడిని తికమక పెట్టేది సీసాల మీది అంకెలు. జర్మనీకి చెందిన మెంజెర్నా వారి 400 గరుకుది, 2500 మధ్య రకం, 3800 అతి మెత్తనిది, అంటే అంకె పెరిగిన కొద్దీ మెత్తన. అదే దేశానికి చెందిన కోచ్ కెమీ వారి హెచ్9 గరుకుది, ఎఫ్6 మధ్య రకం, ఎం3 మెత్తనిది, అంటే అంకె తగ్గిన కొద్దీ మెత్తన. మెగ్వయర్స్ వారి ఎం105, ఎం205లలో మొదటిది కాంపౌండ్, రెండోది ఫినిషింగ్ పాలిష్. ఆ అంకెలు ఏ కొలతకూ చెందవు, అవి వరుస పేర్లు మాత్రమే. ఒక కంపెనీ అంకెను మరో కంపెనీ అంకెతో పోల్చి కొనడం వల్లనే నా అరలో మూడు గరుకు కాంపౌండ్లు చేరాయి. రేణువుల స్వభావంలోనూ తేడా ఉంది. కొన్నిటిలో రుద్దుతున్న కొద్దీ రేణువులు చితికి మెత్తబడతాయి కనుక చివరి దాకా ఓపికగా తిప్పాలి. కొన్నిటిలో మొదటి నుంచి చివరి దాకా ఒకే పరిమాణంలో ఉంటాయి కనుక గీత పోయిందనుకున్నప్పుడు ఆపవచ్చు. కొత్తవారికి రెండో రకమే సులువు అని నా అభిప్రాయం, ఎప్పుడు ఆపాలో ఊహించే పని తప్పుతుంది.

అయితే ఒకే సీసాను గరుకుగానూ మెత్తగానూ పని చేయించేది ప్యాడ్. ఈ ఒక్క మాట ముందుగా తెలిసి ఉంటే నేను తొమ్మిది సీసాలు కొనేవాడిని కాదు. ఉన్ని ప్యాడ్, మైక్రోఫైబర్ ప్యాడ్ ఎక్కువగా కోస్తాయి, గట్టి స్పాంజి అంతకంటే తక్కువ, మెత్తని స్పాంజి ఇంకా తక్కువ. మధ్య రకం పాలిష్‌ను మైక్రోఫైబర్ ప్యాడ్ మీద వేస్తే దాదాపు కాంపౌండ్ చేసే పని చేస్తుంది, అదే పాలిష్‌ను మెత్తని స్పాంజి మీద వేస్తే చివరి మెరుపు దాకా తీసుకువస్తుంది. ఇక్కడ కూడా రంగుల తికమక ఉంది. ఇటలీకి చెందిన రూపెస్ ప్యాడ్లలో నీలం గరుకుది, పసుపు మెత్తనిది. అమెరికాకు చెందిన లేక్ కంట్రీ వారి స్పాంజి ప్యాడ్లలో పసుపు బాగా కోసే ప్యాడ్, నలుపు మెత్తనిది. నేను ఎక్కడో "పసుపు ప్యాడ్‌తో ఫినిషింగ్ చేయండి" అన్న మాట విని, అది ఏ కంపెనీ పసుపో చూసుకోకుండా రెండో రకం తెప్పించి, మెరుపు తేవలసిన బానెట్‌ను పొగ పట్టిన గాజులా మసకబార్చాను. రంగును నమ్మవద్దు, ప్యాకెట్ మీద ఏ పనికి అని రాసి ఉందో అది చూడండి.

ప్యాడ్లు ఎన్ని కావాలన్నది మరో ప్రశ్న. ఒక కారు మొత్తానికి ఒక ప్యాడ్ సరిపోతుందని నేను అనుకున్నాను. రెండు తలుపులు పూర్తయ్యేసరికి అరిగిన క్లియర్ కోట్, ఎండిన మందు కలిసి ప్యాడ్ ముఖం మీద గట్టి పెచ్చు కట్టింది. వేడికి స్పాంజి లోపల మెత్తబడి, వెల్క్రో ఊడి, తిరుగుతున్న ప్యాడ్ ఎగిరి వెళ్లి తులసి కోట దగ్గర పడింది. ఇప్పుడు ప్రతి అర గజం చోటు పూర్తికాగానే మిషన్‌ను నెమ్మదిగా తిప్పుతూ గట్టి నైలాన్ బ్రష్‌తో ప్యాడ్‌ను దువ్వుతాను, రెండు మూడు భాగాలకు ఒకసారి ప్యాడ్ మారుస్తాను. కోయడానికి మూడు, మెరుపుకు మూడు, మొత్తం ఆరు ప్యాడ్లు ఉంటే చిన్న కారుకు ఇబ్బంది ఉండదు.

ప్రయోగం సొంత కారు మీద చేయకూడదన్న బుద్ధి మాకు ఒక డెంటింగ్ మేస్త్రీ వల్ల వచ్చింది. ఆయన షెడ్డు వెనుక ప్రమాదాల్లో నలిగిన రేకులు గోడకు ఆనించి ఉంటాయి. నేను నల్ల బానెట్ ఒకటి అడిగితే ఆయన నవ్వి, "గీ సొట్టల బానెట్ ఏం చేస్తవ్ సారూ, పాత సామానోడు కిలోల లెక్కన తీస్కపోతడు" అన్నారు. రూ. 700 ఇచ్చి ఆటోలో వేయించుకుని వచ్చాను. దాన్ని రెండు స్టూళ్ల మీద పెట్టి, మాస్కింగ్ టేపుతో నాలుగు గళ్లు చేసి, ఒక్కో గడిలో ఒక్కో ప్యాడ్, మందు జంటను ప్రయత్నించాను. మొదటి గడిలో మెత్తని ప్యాడ్, మెత్తని పాలిష్: గీతలు చెక్కు చెదరలేదు. రెండో గడిలో అదే మెత్తని ప్యాడ్, మధ్య రకం మందు: కొంచెం తగ్గాయి. మూడో గడిలో గట్టి స్పాంజి, మధ్య రకం మందు: నాలుగు విడతలకే టేపు అంచున గీతలున్న సగం, లేని సగం కత్తిరించి అతికించినట్టు విడిపోయాయి. నాలుగో గడిలో మైక్రోఫైబర్ ప్యాడ్, గరుకు కాంపౌండ్: గీతలు పోయాయి, పాలపొర వంటి మసక మిగిలింది. మూడో గడితోనే పని జరుగుతుంటే నాలుగో దానికి వెళ్లడం అనవసరంగా పొరను కోల్పోవడమే. ఎప్పుడూ అతి మెత్తని జంటతో మొదలుపెట్టి, చాలకపోతేనే ఒక మెట్టు ఎక్కాలి. తరువాత అదే బానెట్ అంచు మీద కావాలనే మిషన్‌ను ఆపకుండా పట్టుకుని చూశాను. మూల దగ్గర పూత పలచగా ఉండటం వల్ల ఎంతోసేపు పట్టకుండానే నలుపు పోయి ప్రైమర్ బూడిద రంగు బయటపడింది. ఆ బూడిద రంగు చూసిన తరువాత సొంత కారు అంచులకు టేపు వేయకుండా ఒక్కసారి కూడా మిషన్ ఆన్ చేయలేదు.

మిషన్ విషయంలో పెద్దగా ఆలోచించవలసింది లేదు. రోటరీ ఒకే అక్షం మీద తిరుగుతుంది, వేగంగా కోస్తుంది, వేడి పుట్టిస్తుంది, కొత్త చేతిలో ప్రమాదం. డ్యూయల్ యాక్షన్ మిషన్‌లో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కనుక వేడి తక్కువ, హోలోగ్రామ్‌ల భయం తక్కువ. ఊగే దూరం 8, 15, 21 మిల్లీమీటర్లుగా దొరుకుతుంది. పెద్దది బానెట్, పైకప్పు వంటి చదును చోట్ల త్వరగా పని చేస్తుంది, వంపుల దగ్గర ప్యాడ్ తిరగడం మానేసి ఊరికే వణుకుతుంది. నేను 15 మిల్లీమీటర్లది, ప్యాడ్‌ను అతికించే 5 అంగుళాల ప్లేటుతో తీసుకున్నాను. ప్లేటు అంచున నల్ల మార్కర్‌తో ఒక గీత గీసుకుంటే, పని చేస్తున్నప్పుడు ఆ గీత తిరుగుతున్నదా ఆగిందా అన్నది కళ్లకు కనిపిస్తుంది. ఆగితే వేగం పెంచడానికి బదులు చేతి ఒత్తిడి తగ్గించాలి.

పాలిష్ చేశాక నిజంగా గీత పోయిందా, నూనె కింద దాక్కున్నదా అని తెలుసుకోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీళ్లలో పలచగా కలిపి తుడుస్తారు. కరోనా కాలంలో మిగిలిన శానిటైజర్ సీసా ఇంట్లో ఉండగా ఇంకొకటి ఎందుకని నేను దాన్నే చల్లాను. శానిటైజర్‌లో చేతులు ఎండిపోకుండా గ్లిజరిన్ కలుపుతారన్నది బానెట్ అంతా జిడ్డు చారలు పడ్డాక గుర్తుకు వచ్చింది. తుడవడానికి పొట్టి నూలు, కుట్టు అంచు లేని మైక్రోఫైబర్ గుడ్డలు కనీసం పది ఉండాలి. నేల మీద పడిన గుడ్డను ఇక ఆ రోజు రంగు మీద పెట్టకూడదు. పాత బనియన్లు, లుంగీ ముక్కలు ఎంత మెత్తగా ఉన్నా నల్ల కారుకు శత్రువులే.

పాలిష్‌కు ముందు కారును బాగా కడగాలని అందరికీ తెలుసు. కాజీపేట జంక్షన్ దగ్గర రోజూ కారు నిలిపేవారు మాత్రం కడిగాక కూడా అరచేయి ప్లాస్టిక్ కవరులో పెట్టి రేకు మీద నిమిరి చూడాలి. రైలు బ్రేకుల నుంచి, పట్టాల నుంచి రేగే ఇనుప రజను క్లియర్ కోట్‌లో గుచ్చుకుని గరగరలాడుతుంది. ఐరన్ రిమూవర్ చల్లితే అది ఊదా రంగులో కారుతుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఆ తరువాత క్లే బార్, అంటే మిగిలిన రజనును లాగేసే మెత్తని ముద్దతో రుద్దాలి. బోరు నీళ్ల తెల్ల మచ్చలను మాత్రం పాలిష్‌తో రుద్దే ముందు, నీళ్లు కలిపిన వెనిగర్‌తో ఒకసారి తడిపి చూడండి, తేలికపాటివి దానికే కరుగుతాయి.

మన ఎండల్లో ఈ పనికి మే నెలను ఎంచుకోకూడదు. వేడి రేకు మీద మందు రెండు విడతలకే ఎండి పిండిలా రాలుతుంది, ఆ పిండిని తుడవబోతే కొత్త గీతలు పడతాయి. నేను నవంబరు నుంచి జనవరి దాకా, ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ఆపేస్తాను. ఒక ఉదయం రెండు భాగాలు మాత్రమే, మొత్తం కారు వారం పైగా పడుతుంది.

నా పని చూసి మా బావ తన పాత తెల్ల కారును తెచ్చి, "నాది గూడ గట్లనే చెయ్యరాదుర" అన్నాడు. మొదటి చోటు రుద్దగానే ప్యాడ్ ముఖం సున్నం పూసినట్టు తెల్లబడింది. అంటే దాని మీద విడిగా క్లియర్ కోట్ లేదు, రంగే పై పొర. అది అరిగితే నేరుగా రంగే పోతుంది. బావకు ఆ ప్యాడ్ చూపించి, గీతలు తీసే పని మానుకుని, మెత్తని పాలిష్, రక్షణ పూత ఒకే దానిలో కలిసి ఉండే ఆల్ ఇన్ వన్ మందుతో ఒక్క విడత చేసి ఇచ్చాను. తెలుపు మీద గీతలు ఎలాగూ కనిపించవు, బావకు మెరుపు చాలు. రోజూ తిరిగే లేత రంగు బండ్లకు నిజానికి అంతకంటే ఎక్కువ అవసరం లేదు.

ఇప్పుడు ఎవరైనా చీటీ రాసి ఇమ్మంటే ఇలా రాస్తాను: ఒక డ్యూయల్ యాక్షన్ మిషన్, గట్టివి మూడు మెత్తనివి మూడు స్పాంజి ప్యాడ్లు, ఒకే కంపెనీ నుంచి మధ్య రకం మందు ఒకటి, మెత్తని పాలిష్ ఒకటి, సాధ్యమైతే 250 మిల్లీలీటర్ల చిన్న సీసాలు, పది గుడ్డలు, రెండు చుట్లు మాస్కింగ్ టేపు, ఒక ప్యాడ్ బ్రష్, ఒక సొట్టల బానెట్. గరుకు కాంపౌండ్ రాయను. అది అవసరమని ఆ బానెట్ మీద తేలితే అప్పుడు కొనవచ్చు.

నా అరలో మిగిలిన తొమ్మిది సీసాల్లో నాలుగు ఆ డెంటింగ్ మేస్త్రీకి ఇచ్చాను. ఒక గరుకు కాంపౌండ్ పచ్చబడిన హెడ్‌లైట్లను తెల్లగా చేయడానికి పనికి వచ్చింది. గ్లేజ్ ఎండిపోయింది. మిగిలిన మూడూ అరలోనే ఉన్నాయి, వాటి ముందు ఇప్పుడు నిజంగానే మా ఆవిడ మసాలా డబ్బాలు చేరాయి.